ముడులోరిల్లు – 14: ఎన్ని వేస్తే అన్నే

"తాడు ఇంటికొచ్చేదాకా వంటపొయ్యి వెలగదు," అంది బుల్లెమ్మ.

అప్పటికి పొద్దున్న తొమ్మిదయింది. ఆ మాట ఆవిడ ఆరింటికే ఒకసారి అంది, ఏడున్నరకి ఇంకోసారి అంది. మూడోసారి అనేటప్పటికి గొంతులో కోపం లేదు. కోపం లేని బుల్లెమ్మంటేనే ఆ ఇంట్లో అందరికీ భయం.

కోడలు గంగాదేవి వంటింటి గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. పొయ్యి వెలగని ఇంట్లో బియ్యం దేనికని ఎవరూ అడగలేదు. పొద్దుటినుంచి ఆవిడ నోరు విప్పలేదు. విప్పితే అలవాటు కొద్దీ ఏ మాట ఊడిపడుతుందో ఆవిడకి తెలుసు.

ఈ సీమలో మనిషికి తెలియకుండా నోట్లోంచి ఊడిపడే మాట ఒక్కటే. ఆయ్. మంచినీళ్ళు తాగుతారా అంటే ఆయ్. మీ గేదె మా చేలో పడిందండీ అంటే ఆయ్. రేపు మీరు చచ్చిపోతారటగా అన్నా ముందు ఆయ్ అని, ఆ తర్వాతే ఏవిటండీ అంటారు. మిగతా ఊళ్ళలో అది మర్యాద. అప్పనపల్లికి దిగువన, ఏటిగట్టు మీదున్న ముడులోరింట్లో మాత్రం అది ఉచ్చు.

ఆ ఇంటి చెయ్యి కొబ్బరిపీచు పేనుతూ ఒక మాట చెప్పిందనుకోండి. విన్నవాడు ఆయ్ అన్నాడనుకోండి. ఆ ఆయ్ పీచులో ముడిపడిపోతుంది. ఇక చచ్చేదాకా ఆ మనిషి ఆ మాట దాటలేడు. ఒక మాట మీద రెండు ముళ్ళు పడవు, ముందు పడిందే చెల్లుతుంది. ముడిని కోసినా కాల్చినా కట్టు వదులుతుంది గాని, కట్టుతో పాటు ఆ మనిషి గొంతు కూడా పోతుంది.

ఏటవతల పాలెంలో నలభై ఒక్కమంది ఆయ్‌లు ఒకే తాటికి ఉన్నాయి. పిలిస్తే వస్తాం అన్న ఆయ్‌లు. బుల్లెమ్మ ఒక ముడిని గోటితో మీటిందంటే, ఆ ముడి తాలూకు మనిషి నోటిదాకా వచ్చిన ముద్ద పళ్ళెంలో వదిలేసి, ఏరు దాటొచ్చి, ఈ ఇంటి రొయ్యల చెరువుల్లో దిగాల్సిందే. పోయిన నెలలో గంగాదేవి అన్న సూరయ్యకి నూటమూడు జ్వరం. బుల్లెమ్మ మీటింది. మూడు రోజులు తూము దగ్గర మొలలోతు నీళ్ళలో నిలబడ్డాడు. ఇప్పుడు మంచం మీదున్నాడు. దగ్గితే తువ్వాలు ఎర్రబడుతోంది.

ఆదివారం ఇంటిల్లిపాదీ గుడికి వెళ్ళిన గంటలో ఆ తాడు కొట్టుగదిలోంచి మాయమయింది. తాళం పగల్లేదు. ఎవరో తీసి, పని చూసుకుని, మళ్ళీ పద్ధతిగా వేసి వెళ్ళేరు.

ఆ తాళంచెవి ఎక్కడుంటుందో ఈ ఇంట్లో నలుగురికే తెలుసు. బుల్లెమ్మకి, ఆవిడ కొడుకు రమణబాబుకి, కోడలికి, మనవరాలికి.

మనవరాలు లక్ష్మీతులసి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. సూరయ్య కొడుకు నాగసతీష్‌కి తాళంచెవి జాడ చెప్పింది ఆ పిల్లే. చెప్పిన దగ్గర్నించీ అది మామ్మ కళ్ళలోకి చూడటం మానేసింది.

*

తులసిని ఆ రోజు కాలేజీకి పంపలేదు. బుల్లెమ్మ తన మంచం కోడు పక్కన పీట వేయించి, పీచు మోపు ముందు పెట్టించింది. మూడు మూరలు పేనమంది. ఇది కొత్త కాదు. తొమ్మిదో ఏట నుంచీ వారానికొకసారి పేనుతూనే ఉంది, ఎవర్నో ఒకర్ని ఎదురుగా కూర్చోబెట్టి ఆయ్ అనిపిస్తూనే ఉన్నారు. తులసి వేసిన ముడి ఒక్కటీ నిలవలేదు. వేసినది వేసినట్టే జారిపోయేది. దీనికి చేతివాటం రాలేదు, తల్లి నెత్తురు ఎక్కువయింది అని చుట్టాల్లో చెప్పుకునేవారు.

తులసి లోపల్లోపల సంతోషించేది. ఒక్క చిక్కు తప్ప. ఒక్క ముడైనా నిలిచేలా వేసిన ఈ ఇంటి చేతికే, ఎవరు వేసిన ముడైనా విప్పడం వస్తుందని పాలెంలో ముసలివాళ్ళు అంటారు. సతీష్ తాడు పట్టుకెళ్ళింది బుల్లెమ్మ మీటకుండా ఉండడానికి. విప్పడం మాత్రం అతని వల్ల కాదు. విప్పాల్సిన చెయ్యి ఇక్కడ పీట మీద కూర్చుని ఉంది, దానికేమో వేయడమే రాలేదు.

పది దాటేక చేపల సువార్తమ్మ గంప దించింది. పాలెం మనిషి. బుల్లెమ్మ చేపలకేసి చూడకుండా ఆవిడ మొహంకేసే చూస్తూ, రేపు మంచి పండుగప్ప పడితే ముందు ఇక్కడికే తేవాలని చెప్పింది.

"ఊఁ," అంది సువార్తమ్మ.

"ఊఁ ఏవిటే? చూడి గేదెలా."

"గొంతు బాలేదండి."

ఊరంతటికీ ఒకేసారి గొంతు పాడయిందన్నమాట అంది బుల్లెమ్మ. అవును మరి. నాలుగు వారాల కిందట పాలెంలో కుర్రకారంతా గంగమ్మ గుడి ముందు ఒట్టేసుకున్నారు. మనవాళ్ళు అనుకున్న వాళ్ళకే ఆయ్. మిగతా లోకానికి ఊఁ. ఊఁ ముడిపడదు. ఆ ఊఁ నేర్చుకోడానికి ముసలివాళ్ళు నానా అవస్థా పడ్డారు, పెద్దవాళ్ళ ముందు ఊఁ అనడం బట్ట లేకుండా నిలబడ్డట్టుందని ఏడ్చినవాళ్ళున్నారు. నేర్పింది నాగసతీష్. వాడు అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాడు గాని, ఈ పని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు.

సువార్తమ్మ గంప ఎత్తుకుని వెళ్ళిపోయేక బుల్లెమ్మ కోడలివైపు తిరిగింది.

"గంగా, మంచినీళ్ళు తాగేవుటే?"

గంగాదేవి తల ఊపింది.

"పొద్దుట్నించీ చూస్తున్నాను. అన్నిటికీ తల ఊపుతున్నావు. గంగవా, గంగిరెద్దువా?"

గంగాదేవి బియ్యంలోంచి ఒక రాయి తీసి పక్కన పెట్టింది. చిన్న రాయి. దాన్నే చాలాసేపు చూసింది.

తులసి చేతులు ఆగిపోయేయి. బుల్లెమ్మ వెంటనే కనిపెట్టింది. చప్పుడు ఆగింది, పేను అంది.

*

రమణబాబు అంబాజీపేటలో కాయల లారీ పంపించి పదకొండింటికి ఇల్లు చేరేడు. ఇంట్లో అన్నం వాసన లేకపోవడం గుమ్మంలోనే పట్టేడు. చెప్పులు విప్పుతూ భార్యవైపు చూసేడు, భార్య చూడలేదు. కూతురివైపు చూసేడు, కూతురు పీచువైపు చూసింది. ఇక మిగిలింది తల్లే.

"పాలేనికి ఊఁ నేర్పిన ఆ సతీష్‌గాడికి ఫోన్ చెయ్యి. తాడు వాడి దగ్గరే ఉంటుంది," అంది తల్లి.

"ఆయ్," అన్నాడు రమణబాబు.

అతనికి ముడి లేదు. ఎందుకు వేయలేదని ఒకసారి తులసి అడిగితే, వాడికి ముడి దేనికే, పీచు దండగ అంది బుల్లెమ్మ. రమణబాబు పక్కనే ఉండి విన్నాడు. విని, నవ్వేడు కూడా.

ఫోన్ స్పీకర్‌లో పెట్టేడు. ఏరా అల్లుడూ అన్నాడు, బాగున్నావా అన్నాడు, మీ నాన్నకెలా ఉంది అన్నాడు, అమలాపురంలో పెద్ద డాక్టరుకి చూపించకపోయారా అన్నాడు. ప్రతిదానికీ అవతలనుంచి ఒకటే జవాబు. ఊఁ. ఊఁ. ఊఁ. గోడకి సున్నం కొట్టినట్టు.

బుల్లెమ్మ ఫోన్ తీసుకుంది. రెండో చేతిలోకి నాలుగు పోగుల పీచు వచ్చింది. ఎప్పుడు వచ్చిందో తులసి చూడలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ వేళ్ళు అవి. పదహారేళ్ళ పిల్ల జడ అల్లుకున్నట్టు కదులుతున్నాయి.

"సతీషూ, నేన్రా, మామ్మని. మీ నాన్న నాకు పరాయివాడుట్రా? నా కోడలి తోడబుట్టినవాడు. తాడు తెచ్చిచ్చెయ్. వాడి ముడి నా చేత్తో నేనే విప్పేస్తాను. విప్పి, నీ చేతిలో పెడతాను. మధ్యాన్నం రెండింటికి రేవులోకి వస్తావుగా, నాన్నా?"

తులసి మనసులోనే బతిమాలింది: బావా, ఆయ్ అనకు.

"వస్తానండి," అన్నాడు సతీష్. "కానీ మీకు ఆయ్ అననండి మామ్మగారూ. మా నాన్నకి విప్పేక అంటాను."

"తెలివైనవాడివే," అంది బుల్లెమ్మ. ఫోన్ పెట్టేసి, పీచు పోగులు దులిపేసుకుంది.

తర్వాత ఆవిడ చెప్పవలసినదంతా అక్కడే, తులసి వింటూండగానే చెప్పింది. చెరువుల మేస్త్రీ త్రిమూర్తుల్ని, అక్కడి కుర్రాళ్ళు ఆరుగుర్నీ ఒంటిగంటకల్లా రేవులోకి దిగే పుంతదారికి ఇటూ అటూ కూర్చోమను. వాడు నావ దిగగానే తాడు లాక్కోండి. తర్వాత వాణ్ణి ఇక్కడికి పట్టుకురండి. ఒక గంట కూర్చోబెడితే ఎంత తెలివైనవాడైనా ఒక్కసారి ఆయ్ అనకపోతాడా. దాహం వేసినవాడు నీళ్ళ దగ్గర తప్పకుండా అంటాడు.

"సూరయ్యకి విప్పుతానన్నావుగా అమ్మా," అన్నాడు రమణబాబు.

"అన్నాను. నేనేవన్నా ఆయ్ అన్నానా?"

రమణబాబు పేపరు తెరిచేడు. పేపరు నిన్నటిది.

బుల్లెమ్మ తులసి వైపు తిరిగి, ఇక్కడ వెలుతురు చాలట్లేదు, పెరట్లోకెళ్ళి పేను అంది. ఒక్క షరతు. అరచేతుల మధ్య పీచు రాసుకునే చప్పుడు తనకి వినపడుతూ ఉండాలి. చప్పుడు ఆగితే తను లేచి రావలసి వస్తుంది, మోకాళ్ళ నొప్పులతో లేస్తే తనకి చిరాకు.

*

పెరట్లో నీళ్ళపొయ్యి మీద కాగు మరుగుతోంది. వంటపొయ్యి ఆర్పించిన బుల్లెమ్మ తన స్నానం నీళ్ళ పొయ్యి మాత్రం ఆర్పించలేదు. కొబ్బరిడొక్కలు కణకణలాడుతున్నాయి.

తులసి గోడవారన కూర్చుని ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది. చేతులు మోకాళ్ళ మీద పీచు పేనుతూనే ఉన్నాయి. సర్, సర్, సర్. చప్పుడు ఆగకూడదు.

"ఏటే తులసీ," అన్నాడు సతీష్. మామ్మతో మాట్లాడిన గొంతు కాదు ఇది. చిన్నప్పుడు ఏటి ఇసకలో పీతల్ని తరిమిన గొంతు.

అంతా చెప్పేసింది. పుంత, త్రిమూర్తులు, ఆరుగురు మనుషులు, దాహం సంగతి. అతను నమ్మలేదు. ఒకసారి నాన్న ముడి గురించి ఆశ పుట్టేక మనిషి వెనక్కి రావడం కష్టం. ఒకవేళ ముసలావిడ నిజంగానే విప్పుతుందేమో, చూద్దాం అన్నాడు. నాన్న పొద్దున్న ఒకే ఒక్క ఇడ్లీ తిన్నాడు, అది కూడా నిలవలేదు అన్నాడు.

తులసి పుట్టి బుద్ధెరిగేక ఎవర్నీ ఏదీ ఇంతగా కోరుకోలేదు. ఈ ఒక్కడూ ఇటు రాకుండా ఉంటే చాలు. గుండెలో ఉన్నదంతా గొంతులోకి వచ్చింది.

"బావా, విను. ఏమైనా సరే నువ్వు ఏరు దాటకు. తాడు ఎక్కడ పెట్టేవో ఎవ్వరికీ చెప్పకు. నేనడిగినా చెప్పకు."

"నువ్వడిగినా?"

"నేనడిగినా. నాచేత అడిగిస్తారు."

సతీష్ నవ్వేడు. ఆ నవ్వులో, నాలుగు వారాలుగా నోరు కట్టుకుని తిరుగుతున్న మనిషికి సొంతమనిషి దగ్గర కాస్త నోరు వదులు చేసుకున్న సుఖం ఉంది.

"ఆయ్," అన్నాడు.

సర్రున పీచు బిగిసింది.

తులసి కిందకి చూసింది. మూడో మూర చివర ముడి పడి ఉంది. తను వేయలేదు. వేళ్ళు వేసేయి. గోరుతో లాగింది. జారలేదు. ఎనిమిదేళ్ళుగా జారుతూ వచ్చిన ముడి, గచ్చకాయలా గట్టిగా, వెచ్చగా ఉంది.

ఫోన్ భుజం మీంచి జారి పీచులో పడింది. అవతల అతను తులసీ, తులసీ అంటున్నాడు. పెరటి గుమ్మంలో బుల్లెమ్మ నిలబడి ఉంది.

*

మోకాళ్ళ నొప్పి మనిషిలా రాలేదు ఆవిడ. వచ్చి మనవరాలి పక్కన మట్టిలో కూర్చుంది. ఫోన్ కట్టేసింది. ముడి ఉన్న చెయ్యిని తన చేతుల్లోకి తీసుకుని కళ్ళకి అద్దుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు. అబద్ధపు నీళ్ళు కావు. అదే తులసికి భరించలేనిదైంది.

"నీకు వాటం రాలేదన్నారు వెధవలు. వాటం కాదే, ముడి నిలవాలంటే మనసారా కోరాలి. ఇన్నాళ్ళూ నీకు ఎవరి మీదా అంత ప్రేమ లేకపోయింది. అంతే."

"నేను ఫోన్ చేస్తానని నీకు తెలుసు."

"తెలిసే వినిపించేను. చప్పుడు ఆపద్దన్నది దేనికనుకున్నావు?"

తులసి గబగబా ముడి మీద వేళ్ళు వేసింది. విప్పుతాను, ఇప్పుడే విప్పేస్తాను అంది. విప్పుకో అంది బుల్లెమ్మ. ఆపలేదు. పైగా కొంచెం జరిగి చోటిచ్చింది. కానీ ముందు ఒక సంగతి విను అంది.

"ఎన్ని వేస్తే అన్నే విప్పగలవు. ఒకటి వేసేవు, ఒకటి విప్పే బలం వచ్చింది. అంతే. రెండోది విప్పాలంటే రెండోది వెయ్యాలి. నలభై ఒకటి విప్పాలంటే..." ఆవిడ పూర్తి చేయలేదు. లెక్కలు నీకే బాగా వచ్చు అంది.

అని, రొంటిన దోపుకున్న చిన్న గుడ్డసంచి తీసి, మూర కూడా లేని తాడుముక్కని తులసి ఒళ్ళో పెట్టింది. నల్లబడిపోయిన ముడి.

అది గంగాదేవిది. పంతొమ్మిదేళ్ళ కిందట, కొత్తకోడలు కుడికాలు గడపలో పెట్టబోతుంటే, అత్తగారు పీచు పేనుకుంటూ ఎంతో ముద్దుగా అడిగింది. ఇంక ఏటవతల పుట్టింటి మాట మర్చిపోవాలమ్మా, మరి. పెళ్ళికూతురు సిగ్గుపడుతూ తల వంచుకుని ఆయ్ అంది. ఆ తర్వాత గంగాదేవి పాదం ఏరు దాటలేదు. మేడమీద నిలబడితే పాలెం కనిపిస్తుంది, తను పుట్టిన ఇంటి కప్పు కనిపిస్తుంది. తల్లి పోయిన రోజున చితిపొగ కూడా మేడమీంచే చూసింది.

"నేనది కోపంతో వేసేననుకుంటున్నావు. కాదు. నా కొడుకు దాని కొంగు పట్టుకుని ఏరు దాటిపోతాడేమోనని భయపడ్డాను. నువ్విప్పుడు భయపడ్డావే, సరిగ్గా అలాగే." బుల్లెమ్మ లేచి చీర దులుపుకుంది. "ఇదిగో మీ అమ్మ. అదిగో మీ బావ. ఒక్కటే విప్పగలవు. నాకు చెప్పక్కర్లేదు. నేను స్నానానికి వెడతాను."

అంటూనే ఉంది గాని, వెళ్ళలేదు.

తులసి ఎడమచేతిలో తల్లి ముడి, కుడిచేతిలో బావ ముడి. ఏడుద్దామన్నా రావట్లేదు. పాత ముడి మీద వేలు పెట్టింది. తీసేసింది. కొత్త ముడి మీద పెట్టింది.

గుమ్మంలో బియ్యం చేట నేల మీద పెట్టిన చప్పుడయింది.

గంగాదేవి పెరట్లోకి వచ్చింది. అంతా విన్నదని మొహం చూస్తే తెలుస్తోంది. వచ్చి, కూతురి ఎడమ అరచేతిలోంచి తాడుముక్క తీసుకుంది. పిల్ల చేతిలోంచి చాకు తీసుకున్నట్టు, నెమ్మదిగా, ఏమీ చెప్పకుండా. రమణబాబు ఆవిడ వెనకాలే పేపరుతో గుమ్మం దాకా వచ్చి ఆగేడు.

"అమ్మా, అది నాకివ్వు. ఆలోచించనీ," అంది తులసి.

పొద్దుటినుంచి మూసుకున్న నోరు అప్పుడు తెరిచింది గంగాదేవి.

"నీకెందుకే ఆలోచన. నాది లెక్కలోంచి తీసెయ్యి. వాడిది విప్పు."

తర్వాత అత్తగారివైపు తిరిగింది. పంతొమ్మిదేళ్ళూ ఎంత మర్యాదగా పిలిచిందో అంత మర్యాదగానే పిలిచింది.

"అత్తయ్యగారండీ, మీరు ఏం చెప్పినా ఆయ్ అన్నానండి. ఇంక నాచేత ఎవరూ అనిపించలేరండి."

బుల్లెమ్మకి అప్పటికి అర్థమయింది. చెయ్యి చాపింది. అందలేదు. తాడుముక్క కాగు కింద ఎర్రటి డొక్కల్లో పడింది. పాతపీచు, ఎండినపీచు. ఒక్క క్షణం మంట నీలంగా లేచింది, అంతే.

గంగాదేవి గొంతు పట్టుకుంది. నొప్పి లేనట్టే ఉంది. పెదాలు కదిలేయి. తులసీ అని రెండుసార్లు కదిలేయి. చప్పుడు రాలేదు. మూడోసారి ప్రయత్నించలేదు. మొగుడివైపు చూసింది. అతను ఏదో అనబోయేడు, అనడానికి అతని దగ్గర ఉన్న మాట ఒక్కటే, అది ఈ పూట పనికిరాదు.

ఆవిడ కొంగు దోపుకుని, పెరటిదారిన, గట్టు మీదుగా, రేవు వైపు నడిచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. పంతొమ్మిదేళ్ళుగా ఏ మలుపు దగ్గర ఆ కాళ్ళు ఆగిపోతున్నాయో ఆ మలుపు వచ్చింది. కాళ్ళు ఆగలేదు.

"రమణా, పట్టుకో దాన్ని," అంది బుల్లెమ్మ.

"ఆయ్," అన్నాడు రమణబాబు. అని, గుమ్మంలోనే నిలబడిపోయేడు. జీవితంలో మొదటిసారి అతని ఆయ్ అబద్ధమయింది.

*

తులసి ఒళ్ళో ఇప్పుడు ఒకటే ముడి ఉంది. అమ్మ ఆఖరి మాట చెవిలో ఉంది. వాడిది విప్పు.

వేళ్ళు ముడిలోకి వెళ్ళేయి. వదులవుతోంది. నిజంగానే చేతికి విప్పడం తెలిసిపోయింది, ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఒక్క పోగు లాగితే చాలు.

అప్పుడే వచ్చింది ఆ ఆలోచన. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు గాని చల్లగా వచ్చింది.

విప్పితే ఏమవుతుంది? అత్త మూగదై వచ్చిందని చూస్తాడు. చూసేక వాణ్ణి ఎవరాపినా ఆగడు, నావ వేసుకుని ఇటే వస్తాడు. పుంతలో ఆరుగురున్నారు. మామ్మ చేతిలో పీచుంది. దాహం వేస్తుంది, ఆయ్ అంటాడు. సాయంత్రానికి తాడు మళ్ళీ కొట్టుగదిలో ఉంటుంది. సూరయ్య మావయ్య మళ్ళీ తూము దగ్గర ఉంటాడు.

విప్పకపోతే? ఏరు దాటలేడు. తాడు జాడ చెప్పలేడు. మామ్మ వచ్చి అడిగినా, కాళ్ళు విరగ్గొట్టి అడిగినా చెప్పలేడు. ముందు పడ్డ ముడే చెల్లుతుంది. నలభై ఒక్కమందీ క్షేమం. వాడొక్కడే కట్టులో ఉంటాడు.

తులసి పోగుని మళ్ళీ లోపలికి తోసింది. బొటనవేలితో నొక్కి బిగించింది.

బుల్లెమ్మ చూస్తూనే ఉంది. కోడలు పోయిన దెబ్బకి ఆవిడ మొహం పదేళ్ళు ముసలిదయింది. అయినా చిన్నగా నవ్వింది.

"దాచుకున్నావా. నేనూ నా మొదటిది అలాగే దాచుకున్నాను. రేపు విప్పుదాం, అవసరం తీరేక విప్పుదాం అని. అరవై ఏళ్ళయింది. ఇంకా నా దగ్గరే ఉంది."

"నేను నువ్వు కాదు," అంది తులసి.

"కాదు. నేను ఏడ్చేను."

తులసి ముడిని చున్నీ కొంగున కట్టుకుంది.

అరగంట తర్వాత ఫోన్ మోగింది. సతీష్. ఎత్తింది.

అతని ఊపిరి వినిపిస్తోంది, పరుగెత్తి వచ్చినవాడిలా. నావ నీళ్ళలోకి తోసేను తులసీ అన్నాడు. ఎక్కుదామంటే కాలు లేవట్లేదు, రేవులో స్తంభం పాతేసినట్టుంది. ఇటు అత్త రేవునావలో వచ్చింది. మా అత్త, పంతొమ్మిదేళ్ళ తర్వాత పాలెంలో కాలుపెట్టింది, నాన్న మంచం పక్కన కూర్చుంది. నాన్న ఏడుస్తున్నాడు. అత్త ఏవీ పలకట్లేదు. మీ ఇంటివైపు చెయ్యి చూపిస్తోంది, వేళ్ళతో ఏదో విప్పుతున్నట్టు చూపిస్తోంది. ఏం విప్పాలి? ఎవరిది?

తులసి కళ్ళు మూసుకుంది.

సతీష్ తెలివైనవాడని మామ్మ ఊరికే అనలేదు. మళ్ళీ మాట్లాడినప్పుడు అతని గొంతు మారింది.

"నీకే కదూ అన్నాను ఆయ్. పొద్దుట్నించీ నీ ఒక్కదానికే."

"విప్పుతాను బావా. ఇవాళ కాదు. ఎందుకో నీకు చెప్పినా నువ్వు ఒప్పుకోవు. నన్ను నమ్ముతావా?"

గాలి వీస్తోంది. ఎక్కడో నావ రేవు రాయికి కొట్టుకుంటోంది, ఒకసారి, ఇంకోసారి. ఆ చప్పుళ్ళ మధ్య తులసి ఒక్క మాట కోసం ఎదురుచూసింది. చిన్నమాట. ఈ సీమలో ఎవరినడిగినా ఇచ్చే మాట.

"ఊఁ," అన్నాడు సతీష్.